ఏడు తరాల కాగితం

కూన కోసం కాదు నేను వెతికింది.
ట్రామ్ నడిపేదాన్ని, నాలుగున్నరకే లేవాలి,
ఇంట్లో చెప్పులు కొరికేవాళ్ళెవరూ వద్దు.
పెద్దదేమైనా ఉంటే చెప్పండన్నాను ఫోన్లో.
అవతల చాలాసేపు ఊపిరి మాత్రమే.
"ఒకతి ఉంది" అంది ఎటెల్కా.
"ఇవ్వాలో వద్దో తేల్చుకోలేదు. రండి."

డెబ్రెసెన్ నుంచి బస్సు, దిగాక మూడు కిలోమీటర్ల నడక.
ఎటు చూసినా గడ్డి, దాని మీద బోర్లించిన ఆకాశం.
నవంబరు గాలి
నా కోటు గుండీలు లెక్కపెడుతోంది.

గేటు దగ్గరే మొదలైంది విచారణ.
మెట్లెన్ని? లిఫ్టుందా? పగలు ఎవరుంటారు?
మొగుడు? పోయాడా, వెళ్ళాడా?
వెళ్ళాడన్నాను.
"అయితే సోఫా ఖాళీయే."

నేనూ చీటీ రాసుకొచ్చాను:
తుంటి ఎక్స్‌రే, టీకాలు, ఎందుకు అమ్ముతున్నారు.
మూడోది అడగలేకపోయాను.
బూటుకంటిన బురద గీకుతూ తనే చెప్పింది:
"నాలుగు కాన్పులు. ముప్పై ఒక్క పిల్లలు.
చివరిసారి కోసి తీశారు.
ఇక్కడుంటే పదకొండింటిలో ఒకటి.
ఒక్కసారైనా ఎవరికో ఒక్కతే అవ్వాలి కదా."

అప్పుడొచ్చింది అది.
ముదురు పాకం బెల్లం రంగు.
ముక్కూ అదే, కళ్ళూ అదే,
ఆ పూట గిన్నెలో ఇంకో రంగు లేనట్టు.
పొట్ట కింద చర్మం ఖాళీ సంచిలా ఊగుతోంది.
నన్ను వాసన చూసి, ఏమీ తేల్చకుండా
వెళ్ళి ఆవిడ మోకాలికి ఆనుకుంది.
పేరు దియో. అంటే అక్రోటు.
కాగితం మీద మాత్రం మూడు మూరల పేరు,
రాజుల కాలం నాటి జమీందారుకి పెట్టినట్టు.

వంటింటి బల్ల మీద ఆ కాగితం పరిచింది.
నాలుగు తరాలు అచ్చులో,
ఆపై మూడూ ఆవిడ చేతిరాతలో.
తండ్రి, తండ్రికి తల్లి, ఆవిడకి తాత;
ఎవరికి ఏ ఏడు పతకం, ఎవరి తోక వంకర,
ఎవరు తుపాకీ మోతకి పారిపోయి
మూడోనాడు మొక్కజొన్న చేలో దొరికారో
వేలు పెట్టి చదువుతోంది.

నవ్వొచ్చింది నాకు. తర్వాత రాలేదు.
నా కాగితంలో తల్లి గడిలో ఒక గీత.
తండ్రి గడిలో గీత కూడా లేదు.
ఇంటిపేరు మిష్కోల్ట్స్ అనాథాశ్రమం గుమాస్తా పెట్టింది,
ఆ వారం 'స' వరుస నడుస్తోందట.
ఎవరికీ చెప్పని సంగతి ఎటెల్కాకి చెప్పాను,
ఎందుకో, ఉల్లిపాయలు వేగుతున్న ఆ వాసనలో.

ఆవిడ వేలు ఆఖరి పేరు కిందికి జారింది.
"ఇంతకు మించి దీనికీ తెలీదు" అంది.
అడక్కుండానే ఇరవై వేల ఫోరింట్లు తగ్గించింది,
ఈ మాటకీ ఆ మాటకీ సంబంధం లేదని
రెండుసార్లు అంటూ.

సారె పెట్టినట్టు మూట కట్టింది:
చిరిగిన కంబళి, మూడు రోజుల తిండి,
చెవులకి వేసే నూనె, కాగితం.
ఈలని మాత్రం జేబులోనే ఉంచుకుంది.
మేనల్లుడి వ్యాను కదిలేసరికి
ఇంట్లోకి వెళ్ళిపోయి ఉంది. దియో వెనక్కి చూసింది,
తలుపుని.

మెట్లెన్నని ఎందుకడిగిందో
రాత్రి నా ఇంటి గుమ్మంలో తెలిసింది.
జన్మలో మెట్టు చూడలేదు ఇది.
ఇరవై నాలుగు కిలోలు, నలభై రెండు మెట్లు,
నా మెడ మీద దాని భయం వెచ్చగా.
పడుకోలేదు. ఆ గదీ ఈ గదీ తిరిగి లెక్కపెట్టింది:
పది మంది తక్కువ.
మళ్ళీ మొదటినుంచి.

నా గొంతుతో పిలిస్తే పలకదు.
రెండు వారాలు చూసి, సిగ్గు విడిచి,
ఎటెల్కాలా బొంగురుగా, ఆ పల్లె యాసలో పిలిచాను.
చెవి లేచింది.
మోసం అని తెలుసుకున్నాక కూడా
వచ్చింది.

సోఫా ఇంకా ఖాళీయే. గుమ్మం దగ్గర, నా బూట్ల మీద పడుకుంటుంది.
ఈ తెల్లవారుజామున
నలభై రెండింటిలో తొమ్మిది మెట్లు తనే దిగింది.
మిగతావి నేను మోశాను.